చిన్న రైలుతో పాటు పోయిన చోట్లు: పర్లాకిమిడి నేపథ్యం

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో పెద్దవాళ్లు నలుగురు కలిస్తే ఇప్పటికీ చిన్న రైలు మాట వస్తుంది. ఆ వెనకే స్టేషన్ బయటి టీ కొట్లు, అక్కడ పొద్దుపోయేదాకా సాగిన కబుర్లు గుర్తొస్తాయి. అవన్నీ ఎందుకు పోయాయని అడిగితే "ఊరు పెరిగింది కదండీ" అంటారు. అది సగం జవాబే.

ఆ రైలు వేసిన నాటికి ఇక్కడ సరిహద్దే లేదు. నౌపడలో పెద్ద లైను దగ్గర మొదలుపెట్టి తన ఊరిదాకా సుమారు 40 కిలోమీటర్ల నేరోగేజి (ఇరుకు పట్టాల) లైను వేయించినది పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి. 1900 ఏప్రిల్ 1న అది మొదలైంది. తరవాత గుణుపురం దాకా పొడిగించారు. 1936లో, మళ్లీ ఏప్రిల్ 1నే, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. దానికోసం గట్టిగా పట్టుబట్టినవాళ్లలో గౌరచంద్రుడి కొడుకు కృష్ణచంద్ర గజపతి ముఖ్యుడు. జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి ఒరిస్సాకి పోయింది, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది.

గిడుగు రామమూర్తి 1880లో పంతులుగా వచ్చిన ఊరు ఇదే. కొండలు దిగి ఊళ్లోకి వచ్చే సవర గిరిజనులను చూసి, వాళ్లతో మాట్లాడాలని సవర భాష నేర్చుకున్నది ఇక్కడే. ఊరిని ఒరిస్సాలో కలపడం సహించలేక 1936లో రాజమండ్రి వెళ్లిపోయారు. మిగతా తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. ఆఫీసుల్లోకి, బళ్లలోకి ఒడియా వచ్చింది. రాష్ట్ర భాష కాబట్టి అందులో తప్పుపట్టాల్సింది లేదు. కానీ తెలుగు గొంతెత్తి మాట్లాడుకునే చోట్లు తగ్గుతూ వచ్చాయి. ఇంటి బయట మిగిలినవి సంత, టీ కొట్టు, స్టేషన్.

స్టేషన్‌కి అంత బలం ఎక్కడిదంటే, రైలు నిదానం నుంచే. రోజుకి నడిచేవి కొద్ది బళ్లు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటుకుని బండి ఎప్పుడొస్తుందో గట్టిగా చెప్పలేరు. కాబట్టి జనం ముందే వచ్చి కూర్చునేవారు. బెంచీ మీద ఒక చివర కాశీనగరం వెళ్లే ఒడియా మాస్టారు, మధ్యలో పెళ్లి సంబంధం వెతుక్కుంటూ టెక్కలి నుంచి వచ్చిన మావయ్య, కింద గంపల పక్కన సవర ఆడవాళ్లు. టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ తెలుగులో యోగక్షేమాలు అడిగేవాడు, చిల్లర మాత్రం ఒడియాలో లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. ఎవరి పొలం తగాదా ఎందాకా వచ్చింది, ఎవరి పిల్లకి ఉద్యోగం వచ్చింది, అన్నీ అక్కడే తెలిసేవి.

2004లో బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాలు) కోసం లైను మూసేశారు. బ్రాడ్‌గేజి కావాల్సిందే. వైద్యానికీ చదువుకీ విశాఖ వెళ్లాల్సిన ఊరికి అది అవసరం, నేను దాన్ని తప్పనను. దెబ్బ తగిలింది మధ్యలో వచ్చిన ఖాళీ వల్ల. పర్లాకిమిడికి మళ్లీ రైలొచ్చేసరికి 2010 అయింది, గుణుపురానికి ఇంకో ఏడాది పట్టింది. ఆరేళ్లు బేరాల్లేకుండా ఏ టీ కొట్టు నిలబడుతుంది? జనం బస్సులకి, ఆటోలకి అలవాటుపడ్డారు. కొట్టువాళ్లు వేరే పనులు చూసుకున్నారు. కొత్త స్టేషన్ తెరిచేనాటికి అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు. టైము చూసుకుని వచ్చి ఎక్కేస్తున్నారు.

1992లో గజపతి జిల్లా ఏర్పడి పర్లాకిమిడి జిల్లా కేంద్రమైంది, ఆఫీసులు, అద్దెలు పెరిగాయి. ఆ ప్రభావం లేదనను. కానీ రైలు నడిచినన్నాళ్లూ పాత అడ్డాలు తట్టుకున్నాయి.

రైలు చరిత్రకి రికార్డులున్నాయి, ఫొటోలున్నాయి. ఆ కొట్ల చరిత్ర మాత్రం వాటిని నడిపినవాళ్ల నోటనే ఉంది. 2004లో యాభై దాటినవాళ్లకి ఇప్పుడు డెబ్బై పైమాటే. ఫోనులో రికార్డు చేసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఆ పని ఈ ఏడాదే జరగాలి.