పేరు రిజిస్టర్‌లో, పిల్ల సుగ్గిలో

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, హాజరు పిలిచేటప్పుడు ఒక పేరుకి జవాబు రాకపోతే పక్కన కూర్చున్న పిల్ల "సుగ్గికి పోయింది సార్" అంటుంది. సుగ్గి అంటే ఇక్కడ కోతల పనికి వలస పోవడం. ఊళ్లో పని దొరక్క కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకో, తెలంగాణ పత్తి చేలకో వెళ్లిపోతాయి, చూసుకునే అవ్వా తాతా లేకపోతే పిల్లలూ వెంట వెళ్లాల్సిందే. నేను చూసిన ఒక నాలుగో తరగతి పాప అలాగే డిసెంబరులో వెళ్లి ఏప్రిల్‌లో వచ్చింది. వెళ్లేటప్పటికి గుణకారం చక్కగా చేసేది. వచ్చేసరికి క్లాసు భాగహారం ముగించి భిన్నాల్లో ఉంది. 84ని 4తో భాగించమంటే 8 కింద 8 రాసి, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ నాలుగు నెలలూ ఆమె పేరు రిజిస్టర్‌లోనే ఉంది.

ఈ సమస్య ఇప్పటిది కాదు. 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగంలో 45వ అధికరణ రాసుకున్నాం, అంటే 1960 నాటికి అయిపోవాలి. అవలేదు. చాలాకాలం ప్రభుత్వాల దృష్టంతా బడి కట్టామా, ఎంతమందిని చేర్చుకున్నాం అన్న లెక్క మీదే ఉండేది. చేరిన పిల్ల రోజూ వస్తోందా అన్నది టీచరు తలనొప్పిగా మిగిలింది.

1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ బాల కార్మికుల కోసం పని మొదలుపెట్టినప్పుడు, దాన్ని నడిపిన శాంతా సిన్హా బృందం ఒక మాట గట్టిగా చెప్పింది: బడికి రాని ప్రతి పిల్లా బాల కార్మికురాలే. జీతం వస్తేనే పని అనుకునే మనకు అది కొత్త. చెల్లెల్ని ఎత్తుకుని ఇంట్లో ఉండే అమ్మాయీ, మేకలు తోలుకెళ్లే అబ్బాయీ కూడా అందులోకే వస్తారు. పేదవాళ్లకి చదువంటే ఇష్టం ఉండదన్న నమ్మకాన్ని ఆ బృందం ఒప్పుకోలేదు. పని మాన్పించిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి బడికి పంపారు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అసలైన మలుపు ఇదే.

హాజరుని తిండితో ముడిపెట్టడం 1995 ఆగస్టు 15న కేంద్ర పథకంగా మొదలైంది. 80 శాతం హాజరు ఉంటే నెలకు 3 కిలోల ధాన్యం ఇస్తామన్నారు, కానీ ఇంటికి చేరిన బియ్యం ఇంటిల్లిపాదికీ కదా. 2001 నవంబరు 28న వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి అది అమలైంది. బియ్యం నెలకోసారి వస్తుంది, అన్నం మాత్రం ఆ రోజు బడికొస్తేనే దొరుకుతుంది. ఈ చిన్న తేడా చాలా పెద్దది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం ఇంకో మంచి పని చేసింది. పాత చట్టాలు పిల్లని పంపని తల్లిదండ్రులకి జరిమానా అన్నాయి. ఇది మాత్రం పిల్లని చేర్చడం, రోజూ వచ్చేలా చూడడం, ఎనిమిదో తరగతి పూర్తి చేయించడం ప్రభుత్వ బాధ్యత అని రాసింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పిల్లని బడికి పంపే తల్లికి డబ్బు వచ్చింది: 2020 జనవరిలో అమ్మ ఒడి, 2025 జూన్‌లో తల్లికి వందనం. రెండింటికీ 75 శాతం హాజరు నిబంధనే.

ఈ 75 శాతం దగ్గరే నాకు బాధ. చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు. అందులో 75 శాతం అంటే 165. మిగిలిన 55 రోజులు పిల్ల రాకపోయినా డబ్బుకి ఇబ్బంది లేదు, ఆదివారాలు తీసేస్తే అవి తొమ్మిది వారాల పైమాటే! వారానికో రోజు జ్వరమనో జాతరనో మానేసే పిల్లకీ, ఒకేసారి నెలన్నర ఊరు వదిలిన పిల్లకీ శాతం ఒకటే రావచ్చు, కానీ మొదటి పిల్లకి పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకునే వీలుంటుంది, రెండో పిల్లకి ఒక పాఠం కాదు, ఒక అధ్యాయమే పోతుంది.

సుగ్గి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. అమ్మానాన్నలు వలస వెళ్లినన్నాళ్లూ పిల్లలు ఊళ్లోనే ఉండి, తిని, బడికెళ్లొచ్చు. నాకు తెలిసినంతలో ఆ పిల్లలకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు, అయితే అది వలస లారీల కంటే ముందే రావాలి. ఆ పాప వెళ్లిన ఏడాది మా దగ్గర హాస్టల్ జనవరిలో తెరిచారు. ఆమె వాళ్ల లారీ డిసెంబరు మొదటి వారంలోనే కదిలిపోయింది.