మెదడు నుంచి పాదానికి రెండే కణాలు

నాడీమండలం అనగానే చాలామందికి మెదడే గుర్తొస్తుంది. జ్ఞాపకం, తెలివి, కోపం, నిద్ర అన్నీ అక్కడివే కాబట్టి ఆ గౌరవం దానికి దక్కవలసిందే. కానీ మెదడు ఎంత చురుగ్గా ఉన్నా, దాని ఆజ్ఞ కాలి వేలిదాకా చేరకపోతే మనిషి మంచం దిగలేడు. ఈ సంగతి ప్రకాశం పడమటి పల్లెలకు పుస్తకాలు చదవకుండానే తెలుసు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో మెడ తిప్పలేక, నడుము వంచలేక, కాళ్లు కొయ్యబారిపోయి అరుగు మీదే పొద్దు గడుపుతున్న పెద్దవాళ్లతో కాసేపు మాట్లాడి చూడండి. ఏ ఏడు కరువు వచ్చిందో, ఎవరి చేలో ఎన్ని అడుగులకు బోరు పడిందో, ఏ కోడలిది ఏ ఊరో తడుముకోకుండా చెబుతారు. మెదడు బాగుంది. కాలి కండ కూడా మొదట్లో బాగానే ఉంటుంది. చెడింది ఆ రెండింటి నడుమ ఉన్నది.

అదే వెన్నుపాము. పెద్దవారిలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, ఇంచుమించు చిటికెన వేలంత మందం. పుర్రె అడుగున ఉన్న రంధ్రం దగ్గర మొదలై, వెన్నుపూసల మధ్య కాలువలో దిగుతూ నడుము పైభాగానికల్లా ముగిసిపోతుంది. దాని నుంచి 31 జతల నరాలు బయటికి వస్తాయి. మెడ దగ్గర వచ్చేవి చేతులకు, నడుము కింద వచ్చేవి కాళ్లకు.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఇన్ని కోట్ల కణాలున్న చోట, కుడికాలి బొటనవేలు కదపాలంటే ఆజ్ఞ ఎన్ని కణాలు దాటాలి? సాయం చేసే చిన్న కణాలను పక్కనబెడితే, ప్రధాన మార్గంలో ఉన్నవి రెండే. నాడీశాస్త్రంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచిన విషయం మరొకటి లేదు. మొదటి కణం మెదడు పైపొరలో, నడినెత్తికి దగ్గరగా, ఎడమవైపున ఉంటుంది. దాని నుంచి దారంలా సాగే పోగు మెదడు అడుగుదాకా దిగి, వెన్నుపాము మొదలయ్యే ముందు ఎడమ నుంచి కుడికి దాటుతుంది. అక్కడి నుంచి మెడ, వీపు గుండా వెన్నుపాము చివరి భాగం చేరుతుంది. అక్కడ రెండో కణం ఆజ్ఞ అందుకుంటుంది. దాని పోగు వెన్నుపూసల సందులోంచి బయటపడి, పిరుదు, తొడ, పిక్క దాటి పాదంలోని కండను తాకుతుంది. కంటికి ఆనని చిన్న కణం ఒక మీటరు పొడవున్న పోగును నిండు జీవితకాలం పోషిస్తూ ఉంటుంది.

ఈ పోగులో ప్రయాణించేది ఇంట్లో బల్బు వెలిగించే కరెంటు వంటిది కాదు. నాడీపోగు పొరకు లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. విశ్రాంతిలో ఉన్నప్పుడు బయటితో పోలిస్తే లోపలి భాగం సుమారు 70 మిల్లీవోల్టుల రుణావేశంతో ఉంటుంది. ఈ తేడా చెదరకుండా పొరలోని పంపులు విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోస్తూ, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతూ అహోరాత్రులు పనిచేస్తాయి. శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు మన శక్తిలో 20 శాతం దాకా ఖర్చు చేయడానికి ఈ పంపులు ఒక పెద్ద కారణం. ప్రేరణ రాగానే పొరలో ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి ఉరుకుతుంది. సెకనులో వెయ్యో వంతు పాటు ఆవేశం తలకిందులవుతుంది. దాని ప్రభావంతో పక్కనున్న ద్వారాలు తెరుచుకుంటాయి, ఆ తర్వాత వాటి పక్కవి. ప్రేరణ అలా ముందుకు సాగుతుంది.

కొన్ని పోగులకు మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగు మధ్య మధ్య వదిలిన ఖాళీల దగ్గర మాత్రమే ఆవేశం మారుతుంది కాబట్టి ప్రేరణ ఖాళీ నుంచి ఖాళీకి దూకుతూ పోతుంది. వాటిలో అన్నిటికన్నా వేగవంతమైనవి సెకనుకు 100 మీటర్లు దాటుతాయి. తొడుగు లేని సన్నని నొప్పి పోగులు సెకనుకు ఒక మీటరు అటూ ఇటూగా నడుస్తాయి. ఈ తేడాను మెట్టప్రాంతంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కర్లేదు. అరికాలిలో తుమ్మముల్లు దిగగానే చురుక్కుమంటుంది. ఒకటి రెండు క్షణాలకు మెల్లగా సలుపు మొదలవుతుంది. గుచ్చుకున్న ముల్లు ఒకటే, కబురు వచ్చిన పోగులు రెండు రకాలు. నరంలో ప్రేరణ వేగాన్ని కొలవడం అసాధ్యమని పెద్ద పెద్దవాళ్లు నమ్మే రోజుల్లో, 1850లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నరం మీద దాన్ని కొలిచి చూపించాడు. సెకనుకు 27 మీటర్ల దరిదాపుల్లో వచ్చింది.

ఒక కణం చివరికి ప్రేరణ చేరాక మరో కణానికి అందాలంటే మధ్యలో సన్నని ఎడం ఉంటుంది. అక్కడ పోగు కొనలోకి కాల్షియం చొరబడుతుంది. అప్పుడే రసాయనం నిండిన చిన్న తిత్తులు పగిలి అవతలి కణానికి కబురు అందుతుంది. కండ దగ్గర ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్. ఒంట్లో ఇంతటి పని చేసే కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్లలో దాగి ఉంటుంది. పడమటి పల్లెల కథ అక్కడే మొదలైంది.

కనిగిరి చుట్టుపక్కల నేల కింద ఉన్నవి గట్టి రాతిపొరలు. ఆ రాళ్లలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ. నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. క్షారగుణం ఎక్కువై కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో అది మరింత పెరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మన దేశ ప్రమాణం ఒక మిల్లీగ్రామే చాలంటుంది, మరో దారి లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటుంది. ఎర్రటి ఎండలో కూలి పనికి వెళ్లే మనిషి నీడన కూర్చునేవాడికన్నా చాలా ఎక్కువ నీళ్లు తాగుతాడు, అంతకు అంత ఫ్లోరైడ్ ఒంట్లో చేరుతుంది. కష్టం చేసేవాడికే ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు ముందుగా, ఎక్కువగా రావడం నన్ను చాలా బాధపెట్టే విషయం. ఒంట్లో చేరినదాంట్లో కొంత మూత్రంలో పోతుంది. మిగిలినది కాల్షియాన్ని వెతుక్కుంటూ ఎముకలోకి, పిల్లల్లో అయితే ఎదిగే పళ్లలోకి వెళ్తుంది. గారపళ్లు ఆ మొదటి గుర్తు.

ఈ జబ్బును మన దేశంలో మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది ఈ నేల మీదే. మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో స్థానికంగా పాతుకుపోయిన ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. దుక్కి ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడాన్ని రైతులు అంతకుముందే గమనించారని ఈ జబ్బు చరిత్ర రాసినవారు చెబుతారు.

ఎముకకు ఫ్లోరైడ్ పట్టడం వల్ల వెన్నుపాముకు ఏమవుతుంది? విషం నేరుగా నరాన్ని తినేస్తుందని చాలామంది అనుకుంటారు. పెద్దవారిలో కాళ్లు చచ్చుబడటానికి ముఖ్యకారణం అది కాదు, ఒత్తిడి. ఎముక మందమెక్కుతుంది. పూసలను పట్టి ఉంచే మెత్తని బంధనాలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఎముకగా మారిపోతాయి. చేతికి సరిపోయిన గాజు బయటివైపు ఎంత మందమెక్కినా చేతికి నష్టం లేదు, లోపలివైపు మందమెక్కితే మణికట్టు నలుగుతుంది. వెన్నుకాలువలో జరిగేది ఇదే. మెడ దగ్గర ఆ కాలువ ముందు నుంచి వెనకకు మామూలుగా 17 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 10కి దిగజారితే వెన్నుపాముకు కదిలే చోటు ఉండదు. అస్థి ఫ్లోరోసిస్, అంటే ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు 10 శాతం మందికి నరాల ఇబ్బందులు వస్తాయని వైద్యగ్రంథాలు చెబుతాయి. అందులో ఎక్కువ భాగం మెడ దగ్గరి ఒత్తిడివే.

ఇక్కడ వైద్యుడి చేతిలోని చిన్న రబ్బరు సుత్తి ఎంత చెప్పగలదో చూడండి. మోకాలి చిప్ప కింద తడితే కాలు ముందుకు ఎగరడాన్ని 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు విడివిడిగా వర్ణించారు. సుత్తి దెబ్బకు తొడకండ ఒక్కసారి సాగుతుంది. ఆ కబురు నరం ద్వారా వెన్నుపాముకు వెళ్లి, అక్కడే కదలిక కణాన్ని తాకి, వెంటనే కండకు తిరిగి వస్తుంది. సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. మెదడుకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, నిర్ణయం దానిది కానే కాదు. అయితే మెదడు ఎప్పుడూ పైనుంచి ఈ స్పందనను అదుపులో పెడుతూ ఉంటుంది. మెడ దగ్గర దారి నలిగితే ఆ అదుపు తప్పుతుంది. అప్పుడు సుత్తి అలా తాకగానే కాలు విసురుగా ఎగురుతుంది. కండలు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. కాళ్లు కొయ్యబారాయని ఇంట్లోవాళ్లు అనేది ఈ బిగువునే.

అరికాలిని మడమ నుంచి వేళ్లవైపు మొద్దు కొనతో గీస్తే మామూలుగా బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. పైనుంచి వచ్చే మార్గం దెబ్బతిన్నవారిలో అది పైకి లేస్తుంది. 1896లో ఫ్రెంచి వైద్యుడు బబిన్‌స్కీ ఈ గుర్తును లోకానికి చెప్పాడు. ఏడాదిలోపు పసిపాపల్లో కూడా వేలు పైకే లేస్తుంది, ఎందుకంటే వారి నాడీపోగులకు మైలిన్ తొడుగు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండదు. ఎదిగేకొద్దీ పోయే ఆ లక్షణం అరవై ఏళ్ల మనిషిలో తిరిగి కనిపిస్తే, పైనుంచి దిగివచ్చే దారిలో ఎక్కడో అడ్డు పడిందని అర్థం.

అడ్డు ఎక్కడ పడింది? చేతులు చెబుతాయి. మెడ పూసల మధ్య చేతులకు వెళ్లే నరాల మొదళ్లు, వాటి కణాలు నలుగుతాయి. ఇక్కడ దెబ్బతిన్నది రెండో కణం. రెండో కణం పోతే కండకు వేరే దిక్కు లేదు. అది వదులైపోయి, సన్నబడుతుంది. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ గుంటపడుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడం, అన్నం ముద్ద కలపడం కష్టమవుతాయి. ఒకే మనిషికి చేతులు చిక్కి వదులుగా, కాళ్లు బిగుసుకుని విసురుగా ఉండటం చూడగానే, చూసినవారికి ఇవి రెండు వేర్వేరు జబ్బులేమో అనిపిస్తుంది. కానే కాదు. అడ్డుపడిన చోట రెండో కణం చెడింది, దాని కిందికంతా మొదటి కణం ఆజ్ఞ అందడం లేదు. స్కానింగు యంత్రాలు రాకముందు వైద్యులు ఈ ఒక్క తర్కంతో ఏ పూస దగ్గర ఒత్తిడి ఉందో చెప్పగలిగేవారు.

పైకి వెళ్లే కబుర్ల సంగతి మరో రకం. నొప్పి, వేడి, చల్లదనం మోసే పోగులు వెన్నుపాములో అడుగుపెట్టిన చోటికి కాస్త పైనే అవతలి పక్కకు దాటిపోతాయి. కాలు ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పే పోగులు మాత్రం అదే పక్కన వెనకభాగం గుండా మెదడు అడుగుదాకా వెళ్లి అప్పుడు దాటుతాయి. ఈ వెనక మార్గం నలిగిన మనిషి పగలు బాగానే నడుస్తాడు, ఎందుకంటే పాదం ఎక్కడ పడుతోందో కళ్లు చూస్తుంటాయి. తెల్లవారుజామున తొట్టి దగ్గర ముఖానికి నీళ్లు కొట్టుకుంటూ కళ్లు మూసుకున్న క్షణంలో తూలిపోతాడు. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతుంది, నాలుగు అడుగులు వేశాక వెనకనుంచి ఎవరో పిలిచి చెబితే గానీ తెలియదు.

బయటి నరం తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలదు. వెన్నుపాము లోపలి పోగులకు ఆ శక్తి దాదాపు లేదు. హైదరాబాద్‌లో ఈ జబ్బును దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన నాడీ శస్త్రవైద్యులు డాక్టర్ డి. రాజారెడ్డి వంటివారి అనుభవం కూడా ఇదే చెబుతుంది: పూస వెనకభాగం తొలగించి ఒత్తిడి తీయవచ్చు, కానీ రాయిలా గట్టిపడిన ఎముకను తొలచడం తేలిక కాదు, ఆలస్యమైతే ఫలితం అంతంతమాత్రం.

కాబట్టి నీళ్ల దగ్గరే అడ్డుకోవాలి. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకినకొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపుతారు. ఆర్వో యంత్రాలూ తీసేస్తాయి. కానీ నిలకడైన దారి నది నీళ్లే. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు దర్శి వైపు రావడం, శ్రీశైలం నీటిని నల్లమల కింద సొరంగాల్లోంచి తేవడానికి వెలిగొండ పథకాన్ని తలపెట్టడం పొలాల కోసమే కాదు, మెడల కోసం కూడా. పిల్లల విషయంలో ఇంకో కారణం ఉంది. నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించిన చోట్ల పిల్లల ప్రజ్ఞాసూచి (ఐక్యూ) కొంత తక్కువగా ఉండటానికీ, ఆ నీటికీ సంబంధం కనిపిస్తోందని అమెరికా జాతీయ విషపదార్థ అధ్యయన కార్యక్రమం 2024లో ఒక మోస్తరు నమ్మకంతో తేల్చింది.

ఈ ఊళ్లలో ఒళ్లునొప్పులకు, మోకాళ్లకు ఇంజెక్షన్లు వేయించుకుంటూ ఏళ్లు గడిపేవాళ్లు చాలామంది. కీళ్లనొప్పి వేరు, వెన్నుపాము ఒత్తిడి వేరు. చెప్పు జారినా తెలియకపోవడం, గుండీ పెట్టడంలో తడబాటు, కాళ్లలో బిగువు, ఆపుకోలేని మూత్రం: వీటిలో ఏది కనిపించినా నరాల వైద్యుడి దగ్గర మోకాలికి, అరికాలికి పరీక్ష చేయించి, మెడకు ఎంఆర్ఐ తీయించమని అడగండి. మీ ఊరి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంతో కూడా ఆయనకు చెప్పండి, ఆ అంకె తెలిస్తే ఆయన ఆలోచన సరైన దారిలో మొదలవుతుంది.