మీ అవ్వ చెవిలో కీచురాళ్ళు
కోవూరు

చిరంజీవులకు చిన్నతాత ఆశీస్సులు.

రాత్రిళ్ళు కీచురాళ్ళ రొదతో నిద్ర పట్టడం లేదని మీ అవ్వ అంటున్నదనీ, ఆ కీచురాళ్ళు మీకు వినబడటం లేదనీ, ఆమె మతిమరుపుకు ఆ రొదే కారణమా అనీ మీరు అడిగారు.

మన పొలాలకు పెన్న నీళ్ళు సంగం ఆనకట్ట దగ్గర మళ్ళి కాలువల్లో వస్తాయి గదా. నీరు తగ్గితే చివరి పొలాల వాళ్ళు తూము తలుపును ఇంకా పైకెత్తిస్తారు. అప్పుడు నీటితోపాటు అడుగున ఉన్న బురద, నాచు కూడా కొట్టుకొస్తాయి. చెవి లోపల నత్తగుల్ల వంటి భాగంలో శబ్దాన్ని పట్టి నరాలకు అందించే రోమకణాలు దాదాపు 15,000 ఉంటాయి. వయసు వల్లనో, యంత్రాల మోత వల్లనో అవి నశిస్తే మనుషులకు మళ్ళీ మొలవవు. వచ్చే శబ్దం సన్నగిల్లేసరికి మెదడు తన తూమును పైకెత్తుతుందనీ, నరాలలో ఎప్పుడూ ఉండే అలికిడి కూడా అప్పుడు రొదగా వినబడుతుందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. వైద్యులు దీనిని టిన్నిటస్ అంటారు.

చిన్నతనంలో నేను బడి ఎగ్గొట్టి, తూములు చూసే కాలువ లస్కరు వెంట తిరిగేవాణ్ణి. ఆయన నీళ్ళలో చెయ్యి ముంచి, ఒండ్రును వేళ్ళ మధ్య నలిపి చూసి, ఎగువన గండి పడిందని చెప్పేవాడు. పెద్దలు పని చేస్తుంటే నిలబడి చూడటమూ చదువేనని మీరు గుర్తుంచుకోవాలి, బడి మాత్రం ఎగ్గొట్టకండి. పొద్దస్తమానం ఒక్క తూము దగ్గరే కావలి ఉండవలసివస్తే ఆ లస్కరు తక్కిన తూములను ఎప్పుడు చూస్తాడు? మెదడూ అంతే. సగం వినబడిన మాటలను అతికించుకోవడంలోనే అది అలసిపోతే, పైగా నిద్ర కూడా చాలకపోతే, విన్నది మనసులో నిలవదు.

అయితే రొద ఉన్నంత మాత్రాన మతి పోతుందని భయపడకండి; ఆ విషయంలో పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. ఎగువన పడిన గండి వినికిడి లోపం. డిమెన్షియాకు, అంటే మతి క్షీణించే జబ్బుకు, మనం తగ్గించుకోదగిన 14 కారణాలలో దానిని లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల కమిషన్ 2024లో లెక్కించింది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళవారికి వినికిడి యంత్రాలిచ్చి మూడేళ్ళు చూసి, 2023లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం మీద తేడా కనబడలేదు గాని, మతి క్షీణించే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం జ్ఞాపకం, ఆలోచన క్షీణించే వేగం 48 శాతం తగ్గింది.

కాబట్టి ముందు అవ్వకు వినికిడి పరీక్ష చేయించమని మీ నాన్నకు చెప్పండి. ఒక్కోసారి కారణం చెవిలో పేరుకున్న గుబిలి మాత్రమే కావచ్చు. పిన్నీసులు పెట్టడం, కాచిన నూనె పోయడం వద్దు. రొద ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితోపాటు కొట్టుకుంటున్నా ఆలస్యం చేయరాదు. ఆమెతో మాట్లాడేటప్పుడు టీవీ ఆపి, వెలుతురులో ఎదురుగా కూర్చొని, అరవకుండా నిదానంగా చెప్పండి. ఒక వారం ఇలా చేసి, ఆమె ఏది విని మరచిందో, ఏది అసలు వినలేదో కాగితం మీద రెండు వరుసలుగా రాసి డాక్టరుగారికి చూపించండి.