కూలరు పెట్టె విప్పే ముందు చదవండి

నరసాపురం

చిరంజీవులు బాబీ, సిరిలకు తాతయ్య ఆశీస్సులు.

పార్సిల్ వచ్చిందని, కంప్యూటర్ ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలరు మీరు అనుకున్న దానికి రెట్టింపు ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వీడియో చూసి మీరే బిగించేస్తామంటున్నారట. బిగించండి, నాకు సంతోషమే. కాకపోతే ఆ వీడియోల్లో చేతులు చకచకా కదులుతాయి గానీ, ఏ పని ఎందుకు ముందు చేశారో చెప్పరు. ఈ పనికి బలం అక్కర్లేదు, పెద్ద నేర్పూ అక్కర్లేదు. వరస తప్పారో, బిగించిందంతా మళ్లీ విప్పాల్సిందే. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు కనుక రాస్తున్నాను. కాగితం బల్ల మీద పెట్టుకుని చేసుకోండి.

అంత పెద్ద కూలరు ఎందుకో ముందు చెప్తాను. మీరు తెప్పించింది రైజెన్ 7 7700ఎక్స్. 2022 సెప్టెంబరులో వచ్చిన ఎనిమిది కోర్ల ప్రాసెసర్. దీనితో పాటు ఏఎండీ కంపెనీ కూలరు ఇవ్వదు, మనమే కొనుక్కోవాలి. లెక్కల్లో 105 వాట్లు అని ఉంటుంది గానీ, పూర్తి పని మీద పడితే 142 వాట్ల దాకా లాగుతుంది. మన హాల్లో తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్లు రెండింటికి అయ్యేంత కరెంటు. ఫ్యాన్ల దగ్గర కొంతైనా గాలిగా మారుతుంది, ఇక్కడ అంతా వేడే. ఆ వేడిలో ఎక్కువ భాగం పుట్టేది సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ ముక్కలో, అంటే చిటికెన వేలి గోరంత జాగాలో. దాన్ని అక్కడి నుంచి వెంటవెంటనే తీసేయకపోతే 95 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. కాలిపోదు, భయపడకండి. డబ్బు పెట్టి కొన్న వేగం మాత్రం చేతికి రాదు.

కూలరు అడుగు నుంచి పైకి వెళ్లే గొట్టాలు చూశారుగా. అవి గట్టి రాగి కడ్డీలు కావు. లోపల బోలు. గాలి తీసేసి, కొద్దిగా నీళ్లు పోసి మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు కనుక వంద డిగ్రీల దాకా ఆగకుండా తక్కువ వేడికే ఆ నీరు ఆవిరవుతుంది, పైన చల్లటి రేకుల దగ్గరికి చేరి మళ్లీ నీరవుతుంది. అన్నం ఉడికేటప్పుడు మూత తీస్తే లోపలి వైపు నీటి చుక్కలు వేలాడుతుంటాయే, అదే సంగతి. మూత మీది చుక్క కిందికి రాలితేనే వెనక్కి వస్తుంది. ఇక్కడ గొట్టం లోపలి గోడకి రాగి పొడితో చేసిన పొర ఉంటుంది. అది నీటిని పీల్చుకుని వేడి ఉన్న చోటికి తిరిగి తెస్తుంది. అందుకే కంప్యూటర్ కేబినెట్ నిలబెట్టినప్పుడు గొట్టాలు అడ్డంగా పడుకున్నా పని ఆగదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అనే ఆయన అంతరిక్షంలో వాడే యంత్రాల కోసం ఇలాంటి గొట్టం తయారు చేశాడు. ఇప్పుడది రాజోల్లో మీ ఇంటి బల్ల మీదికి వచ్చింది.

సరే, పనిలోకి వద్దాం. ముందు కొలత టేపు పట్టుకోండి, స్క్రూడ్రైవర్ తర్వాత. మీ కూలరులా రేకుల టవర్లు రెండు పక్కపక్కన ఉండే రకంలో బాగా పేరున్నది ఆస్ట్రియా వాళ్ల నోక్టువా ఎన్‌హెచ్-డి15. దాని లెక్కలు చెప్తాను, మీది వేరే కంపెనీదైనా లెక్క వేసే పద్ధతి ఇదే. ఎత్తు 165 మిల్లీమీటర్లు, రెండు ఫ్యాన్లతో బరువు 1320 గ్రాములు. రెండు ఫ్యాన్లూ పెడితే ముందు ఫ్యాను కింద ర్యామ్‌కి (బోర్డు మీద నిలబడే మెమరీ కర్రలకి) మిగిలే ఎత్తు 32 మిల్లీమీటర్లు. లైట్లు వెలిగే ర్యామ్ కావాలని బాబీ పట్టుబట్టాడు కదా, అది 44 ఉందనుకోండి, ఫ్యానుని 12 పైకి జరపాలి. అప్పుడు 165 కాస్తా 177 అవుతుంది. కేబినెట్ కాగితంలో ప్రాసెసర్ కూలర్ ఎత్తు ఇంతవరకు అని ఒక అంకె ఉంటుంది. అది 170 అయితే పక్క తలుపు పట్టదు. కేబినెట్ కొనేటప్పుడు అద్దాల తలుపు చూస్తారు గానీ ఈ అంకె ఎవరూ చూడరు. మీ లెక్కలో ఎక్కడైనా తేడా వస్తే ఇప్పుడే మార్చుకోండి, సీలు విప్పాక షాపువాళ్లు వెనక్కి తీసుకోరు.

మదర్‌బోర్డుని (భాగాలన్నీ బిగించే పెద్ద బోర్డుని) దాని అట్టపెట్టె మీదే పెట్టి బయటే పని చేయండి, కేబినెట్‌లో పెట్టేశాక కాదు. వీడియోల్లో స్టాటిక్ కరెంటు అని చేతికి పట్టీ కట్టుకుంటారు. మన కోనసీమ గాలిలో ఉన్న తేమకి ఆ గొడవ తక్కువే. అయినా బోర్డు ముట్టుకునే ముందు ఏదైనా పెద్ద లోహపు వస్తువుని ఓసారి తాకండి. సిరీ, నైలాన్ చున్నీ వేసుకుని కూర్చోకు.

ప్రాసెసర్‌ని సాకెట్‌లో పెట్టడం మీకు తెలుసు. మూల మీది త్రికోణం గుర్తు కలపడం, వదిలేయడం, అంతే. సాకెట్‌లో 1718 సన్నటి పిన్నులున్నాయి, వాటి మీద వేలు పడకూడదు. ఆ తర్వాత వెంటనే కూలరు మీదికి వెళ్లకండి. ర్యామ్ రెండు కర్రలూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టేయండి. బోర్డు మీద ప్రాసెసర్‌కి దిగువన ఉండే, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డి కూడా ఇప్పుడే బిగించండి. పెద్ద కూలరు కూర్చున్నాక దాని స్క్రూ దగ్గరికి స్క్రూడ్రైవర్ నిటారుగా దిగదు.

సాకెట్‌కి అటూ ఇటూ నల్లటి ప్లాస్టిక్ బ్రాకెట్లు ఉంటాయి, నాలుగు స్క్రూలతో. అవి విప్పేయండి. మీది ఏఎం5 రకం సాకెట్ కనుక బోర్డు వెనక ఉండే పలక దాని చోటునే ఉంటుంది. పాత ఏఎం4 బోర్డులో అయితే ఈ స్క్రూలు తీయగానే వెనక పలక ఊడి కింద పడుతుంది. మీ స్నేహితుల కంప్యూటర్ల మీద చేయి వేసేటప్పుడు గుర్తుంచుకోండి. కూలరుతో వచ్చిన సామాన్లలో ఇంటెల్‌కి వేరే పొట్లం, ఏఎండీకి వేరే పొట్లం ఉంటాయి. ఏఎండీదే విప్పండి, రెండూ కలిపి ఒకే గిన్నెలో పోయకండి. స్పేసర్లు అనే చిన్న గొట్టాలు పెట్టి, వాటి మీద ఇనప పట్టీలు పెట్టి బిగించండి. పట్టీ వంపు ఏ వైపు ఉండాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది.

ఇప్పుడు వేడిని దాటించే పేస్టు పెట్టకుండా ఒకసారి కూలరుని ఊరికే కూర్చోబెట్టి చూడండి. ర్యామ్‌కి తగులుతోందా, గ్రాఫిక్స్ కార్డు స్లాట్ మీదికి వస్తోందా, ఫ్యాన్లు గాలిని కేబినెట్ వెనక్కి తోసేలా ఉన్నాయా అని. ఫ్యానులో గాలి తెరిచి ఉన్న వైపు నుంచి లోపలికి వెళ్లి, అడ్డ పుల్లలున్న వైపు నుంచి బయటికి వస్తుంది. రెండు ఫ్యాన్లూ ఒకే దిక్కుకి తిరిగి ఉండాలి. ఎదురెదురుగా పెట్టినవి నేను చూశాను. మోత తప్ప గాలి లేదు.

కూలరుని తిరగేసి అడుగు చూడండి. సన్నటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. పీకేయండి. కొన్నిటి మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది, కొన్నిటికి అసలు ఉన్నట్టే కనబడదు. మొన్న సంక్రాంతికి పక్కవీధి కుర్రాడు వాళ్ల అన్నయ్య కంప్యూటర్ పట్టుకొచ్చాడు, బయాస్ (ఆన్ చేయగానే తెరిచే సెట్టింగుల) తెర మీద ఊరికే ఉండగానే వేడి 85 డిగ్రీలు దాటిపోతోందని. విప్పి చూస్తే పొర అలాగే ఉంది, దాని మీద పేస్టు శుభ్రంగా పరుచుకుని ఉంది! బిగించింది షాపులోనే. ఏ షాపో ఎందుకులెండి.

పేస్టు సంగతి. రేడియోలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే రోజుల్లో 2ఎన్3055 ట్రాన్సిస్టర్ కింద మైకా ముక్క పెట్టి, దానికి రెండు వైపులా తెల్ల పేస్టు రాసేవాళ్లం. పని అప్పుడూ ఇప్పుడూ ఒకటే. రాగి పలక, ప్రాసెసర్ మూత నున్నగా కనిపిస్తాయి గానీ వాటి మీద కంటికి కనబడని గుంటలుంటాయి, వాటిలో గాలి చిక్కుకుంటుంది. రాగి ఉష్ణ వాహకత 400 దగ్గర ఉంటే గాలిది 0.026. పేస్టు రాగి ముందు ఏమీ కాదు, గాలి ముందు మాత్రం రెండు మూడు వందల రెట్లు మేలు. అందుకే గాలిని తరిమేంత ఉంటే చాలు. ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత చుక్క పెట్టండి. వేలితో పూయొద్దు, కార్డు ముక్కతో పరచొద్దు, బిగింపే దాన్ని పరుస్తుంది. ఎక్కువైతే అంచుల నుంచి పొంగుతుంది. ఏఎం5 మూతకి చుట్టూ గాడులు ఉండటం వల్ల అక్కడ చేరుతుంది, తుడవడం విసుగు. తప్పితే మామూలు పేస్టు కరెంటు పారనివ్వదు కనుక నష్టమేమీ లేదు.

ఇక అసలు పని. రెండు టవర్ల మధ్య ఉన్న ఫ్యానుని ముందే తీసి పక్కన పెట్టండి, అది ఉంటే స్క్రూలు అందవు. కూలరుని నిటారుగా దించండి, పక్కకి జరిపి సర్దకండి. స్క్రూలు పట్టీల మీది మర ఉన్న కడ్డీల మీదికి వచ్చాక, ఒకరు టవర్‌ని తేలికగా పట్టుకోండి, ఒకరు పొడుగాటి స్టార్ స్క్రూడ్రైవర్ పట్టుకోండి. పట్టుకునేది సిరి అయితే మంచిది, బాబీ చేయి కుదురుగా ఉండదు. ఒక స్క్రూని మర పట్టుకునేదాకా మాత్రమే తిప్పండి, రెండు చుట్లు. వెంటనే రెండో వైపుకి వెళ్లి అక్కడా రెండు చుట్లు. మళ్లీ ఇటు. ఇలా అటూ ఇటూ మారుతూ పోవాలి. ఒక పక్క పూర్తిగా బిగించేస్తే రెండో పక్క పైకి లేచి, స్క్రూ మరని అందుకోదు. అప్పుడు మీరు బలంగా నొక్కుతారు. పేస్టు అంతా ఒక మూలకి పోతుంది, బోర్డు వంగుతుంది. స్క్రూ చుట్టూ ఉన్న స్ప్రింగు నలిగే కొద్దీ స్క్రూ బరువెక్కుతున్నట్టు చేతికి తెలుస్తుంది. చివరికి ఒక చోట ఇక తిరగనని ఆగిపోతుంది. అక్కడితో వదిలేయాలి. ఎంత ఒత్తిడి ఉండాలో స్ప్రింగు తయారుచేసినవాళ్లు ముందే లెక్క కట్టారు, మీ మణికట్టు బలం వాళ్లకి అక్కర్లేదు.

తర్వాత మధ్య ఫ్యానుని దించి, తీగ క్లిప్పుల్ని రేకుల గాడిలోకి లాగి తగిలించండి. రేకుల అంచులు పదునుగా ఉంటాయి, గోరు సందులో గీసుకుంటుంది, నెమ్మదిగా. రెండు ఫ్యాన్ల వైర్లనీ వై ఆకారంలో ఉండే జోడింపు వైరుతో కలిపి, బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల చోటనే పెట్టండి. కేబినెట్ ఫ్యాన్ చోటులో పెడితే మొదటిసారి ఆన్ చేయగానే ఫ్యాన్ లేదంటూ ఆగిపోయే బోర్డులున్నాయి. పిల్లలకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది, ప్రాసెసర్ పోయిందేమో అని.

బోర్డుని కేబినెట్‌లోకి దించే ముందు ఒక్క పని. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ ఎడమవైపు పై మూలకి వస్తుంది. కూలరు ఉండగా ఆ మూలకి వేళ్లు వెళ్లవు. బోర్డు సగం దించి ఉండగానే ఆ కేబుల్‌ని కంత లోంచి పైకి లాగి, తగిలించి, అప్పుడు బోర్డుని చోటులో పెట్టండి. ఒకరు టవర్ పట్టుకుంటే ఇంకొకరు బోర్డు అంచుకి చేయి ఆనించాలి, బరువంతా ఒక్క చోట పడకుండా. పై వరస స్క్రూలకి అయస్కాంతం మొన ఉన్న స్క్రూడ్రైవర్ లేకపోతే సాయంత్రమైపోతుంది.

ఆన్ చేశాక బయాస్‌లో వేడి చూడండి. 40ల్లోనో 50ల్లోనో నిలబడితే బాగుంది. ఏ పనీ లేకుండా అక్కడే 80కి ఎక్కిపోతుంటే రాగి పలక ఆనలేదని అర్థం, వెంటనే ఆపేయండి. భారీ పనిలో 90 దాటితే మాత్రం కంగారు పడొద్దు, ఈ ప్రాసెసర్‌ని చేసిందే అలా. అన్నట్టు, ఏ ఫ్యాను కూలరైనా గది వేడి కన్నా కిందికి దించలేదు. ఏదో ఒక పనికి గది కన్నా 50 డిగ్రీలు పైన నిలబడుతోందనుకోండి, జనవరిలో గది 25 ఉంటే 75, రోహిణి కార్తెలో గది 37 ఉంటే 87. అప్పుడు కూలరు పాడైందని పేస్టు మార్చనక్కర్లేదు, కిటికీ తెరవండి. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి మాత్రం ఫ్యాన్ల క్లిప్పులు తుప్పు పట్టొచ్చు, ఏడాదికోసారి దుమ్ము దులిపేటప్పుడు ఓ కన్నేసి ఉంచండి.

ఎప్పుడైనా విప్పాల్సి వస్తే, పది నిమిషాలు నడిపి ఆపండి, పేస్టు కాస్త మెత్తబడుతుంది. స్క్రూలు తీశాక పైకి పీకకండి, కొద్దిగా అటూ ఇటూ తిప్పి వదులు చేయండి. పాత పేస్టు తుడవడానికి మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర ఐపీఏ (ఒక రకం ఆల్కహాలు) అని అడిగితే ఇస్తారు.

దసరాకి ఆ కంప్యూటర్ ఇక్కడికి తెస్తామంటున్నారు. సఖినేటిపల్లి దాకా రోడ్డు ఎలా ఉందో నాకు తెలుసు. నిలబెట్టి తెస్తే ప్రతి గుంటలోనూ కేజీ పైన బరువు ఆ స్క్రూల మీద వేలాడుతుంది. కారు సీటు మీద బోర్డు పైకి ఉండేలా పడుకోబెట్టండి, కూలరు నిటారుగా నిలబడాలి. గోదావరి దాటే పంటులోనూ అలాగే ఉంచండి, బండి మీద ఒళ్లో పెట్టుకుని వద్దు. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి దాని పెట్టెలో వేరేగా తెండి.

మిగిలిన ఇంటెల్ బ్రాకెట్లు, అరవాడిన పేస్టు ట్యూబు, సాకెట్ మీది ప్లాస్టిక్ మూత చెత్తలో వేయమని మీ అమ్మ అంటుంది. వేయకండి. కూలరు మూడు నాలుగు ప్రాసెసర్లకి సరిపోయే వస్తువు, వారంటీ అడిగితే ఆ మూత కూడా చూపించమంటారు. అన్నీ కూలరు పెట్టెలోనే వేసి అటక మీద పెట్టండి.

మీ తాతయ్య