21వ అధికరణం వెనుక హార్వర్డ్ పాఠం

మన రాజ్యాంగంలో 21వ అధికరణం ఒక్క వాక్యమే. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ హరించరాదని చెబుతుంది. మరి ఆ పద్ధతే అన్యాయంగా ఉంటే కోర్టు కలగజేసుకోవచ్చా? 1950లో సుప్రీంకోర్టు కుదరదంది. 1978లో తప్పదంది. విచారణ లేకుండా మనిషిని జైల్లో పెట్టే చట్టాల మీద వాదన వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న మళ్లీ లేస్తుంది. 2023లో తెలంగాణ పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద జరిగిన ఒక నిర్బంధాన్ని కొట్టేస్తూ, ఆ చట్టాన్ని రాష్ట్రంలో వాడుతున్న తీరును సుప్రీంకోర్టు గట్టిగా తప్పుబట్టింది కూడా. ఈ తగవు మొదలు ఎక్కడుందో చూడాలంటే మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జికి, అక్కడి హార్వర్డ్ లా స్కూలుకు వెళ్లాలి.

1870లో క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ అక్కడ డీన్ అయ్యేనాటికి అమెరికాలో చాలామంది వకీళ్లు ఒక సీనియరు ఆఫీసులో చేరి పని నేర్చుకున్నవాళ్లే. లా స్కూలంటే ప్రొఫెసరు చెబుతుంటే రాసుకోవడం. లాంగ్‌డెల్ ఆ పద్ధతిని మార్చారు. 1871లో కాంట్రాక్టుల మీద వచ్చిన తీర్పులు ఏరి పుస్తకం వేసి, దాన్ని విద్యార్థుల చేతిలో పెట్టారు. కేసు సంగతేమిటి, కోర్టు ఏమంది, ఎందుకంది, ఫలానా సంగతి మారితే తీర్పు కూడా మారుతుందా అని ఒక్కొక్కరినీ లేపి అడిగేవారు. న్యాయశాస్త్రం విజ్ఞానశాస్త్రమనీ, దాని ప్రయోగశాల గ్రంథాలయమనీ ఆయన నమ్మకం. 1873లో ప్రాక్టీసు అనుభవమే లేని జేమ్స్ బార్ ఏమ్స్‌కు బోధన ఉద్యోగం దొరికింది. పాఠం చెప్పడమూ పరిశోధన చేయడమూ జీవితవృత్తిగా పెట్టుకున్న న్యాయ పండితులు అలా తయారయ్యారు. 1887లో విద్యార్థులే సంపాదకులుగా హార్వర్డ్ లా రివ్యూ మొదలైంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ బోధనా పద్ధతి అమెరికాలోని పెద్ద లా స్కూళ్లన్నింటికీ పాకింది.

ఈ చదువు బుర్రకు పదును పెట్టిన మాట నిజం. కానీ తీర్పుల పుస్తకంలో ఫ్యాక్టరీ ఉండదు, జైలు ఉండదు, చట్టసభలో జరిగిన చర్చా ఉండదు. ఆ లోటు ఎంత ప్రమాదమో 1905లో లాక్నర్ కేసు చూపించింది. బేకరీ కార్మికులతో రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలకు మించి పని చేయించరాదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. ‘డ్యూ ప్రాసెస్’ (న్యాయమైన చట్ట ప్రక్రియ) లేకుండా ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని అమెరికా రాజ్యాంగం 14వ సవరణ అంటుంది. ఆ స్వేచ్ఛలోనే యజమానీ కార్మికుడూ తమకు తోచినట్టు ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ కూడా ఉందని చెప్పి, సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. 14 గంటలు పొయ్యి ముందు నిలబడేవాడికి బేరమాడే శక్తి ఎంతుంటుందన్న ప్రశ్న ఆ తీర్పుకు పట్టలేదు.

దీనికి సమాధానం కూడా హార్వర్డ్‌లోనే తయారైంది. చట్టసభ చేసిన తప్పు ఏ సందేహానికీ తావులేనంత స్పష్టంగా ఉంటేనే జడ్జీలు చట్టాన్ని రద్దు చేయాలని, అక్కడి ప్రొఫెసరు జేమ్స్ బ్రాడ్లీ థేయర్ 1893లోనే లా రివ్యూలో రాశారు. వృక్షశాస్త్రంలో డాక్టరేట్ ఉండి, లా డిగ్రీ మాత్రం లేని రాస్కో పౌండ్, లోకంలో ఏం జరుగుతోందో చూడకుండా సూత్రాల నుంచి సూత్రాలు లాగే తీర్పులను 1908లో ‘యాంత్రిక న్యాయశాస్త్రం’ అని ఎండగట్టారు. 1910లో ఆయన హార్వర్డ్‌లో చేరారు, 1916 నుంచి 20 ఏళ్లు డీన్‌గా ఉన్నారు. హార్వర్డ్‌లోనే చదివిన లూయీ బ్రాండైస్ ఆడవాళ్ల పని గంటలకు పరిమితి పెట్టిన చట్టాన్ని సమర్థిస్తూ 1908లో ముల్లర్ కేసులో వంద పేజీలు దాటిన వాదన పత్రం దాఖలు చేశారు. అందులో న్యాయసూత్రాలకు రెండే పేజీలు. మిగతాదంతా ఎక్కువ గంటల పని ఆడవాళ్ల ఆరోగ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో చెప్పే నివేదికలు. ఆ కేసు గెలిచారు.

జడ్జీలు తగ్గి ఉండాలన్న థేయర్ దారీ, లోకాన్ని చూసి తీర్పు చెప్పాలన్న పౌండ్, బ్రాండైస్‌ల దారీ రెండూ ఫీలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌లో కలిశాయి. వియన్నాలో పుట్టి, 12వ ఏట ఇంగ్లీషు రాకుండా న్యూయార్క్‌లో అడుగుపెట్టి, 1906లో హార్వర్డ్ లా స్కూలు నుంచి తరగతిలో మొదటివాడిగా బయటికొచ్చిన మనిషి. 1914లో అక్కడే ప్రొఫెసరయ్యారు. థేయర్ అప్పటికి లేరు, ఆయన వ్యాసమే ఫ్రాంక్‌ఫర్టర్‌కు గురువైంది. పని గంటల చట్టాలూ కనీస వేతన చట్టాలూ నిలబెట్టడానికి ఆయనే సుప్రీంకోర్టులో వాదించారు. 1923లో వాషింగ్టన్ నగరంలోని మహిళా కార్మికుల కనీస వేతనం కేసు ఓడిపోయారు. ‘డ్యూ ప్రాసెస్’ పేరు చెప్పి జడ్జీలు పేదవాళ్ల చట్టాలను పడగొట్టడం ఆయన ఎదురుగా నిలబడి చూసిన సంగతి. ఆయన జాగ్రత్త వెనుక ఆ దెబ్బ ఉంది.

అదే స్కూల్లో అదే కాలంలో ఇంకో పాఠం కూడా నడిచింది. కరపత్రాలు పంచినందుకు 20 ఏళ్ల జైలు వేసిన ఏబ్రమ్స్ కేసును విమర్శించినందుకు ప్రొఫెసరు జెకరయా చాఫీ 1921లో విశ్వవిద్యాలయ పర్యవేక్షకుల కమిటీ ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 6–5 తేడాతో బయటపడ్డారు. లా రివ్యూ సంపాదక వర్గంలో చేరిన తొలి నల్లజాతి విద్యార్థి చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ కూడా ఫ్రాంక్‌ఫర్టర్ శిష్యుడే. తర్వాత వాషింగ్టన్‌లోని నల్లజాతివారి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో, ముందుముందు సుప్రీంకోర్టు జడ్జి అయిన తర్గుడ్ మార్షల్ వంటివారిని తయారుచేసి, జాతి వివక్షను కోర్టుల్లోనే ఎదుర్కోవచ్చని నిరూపించారు. చట్టసభే బలహీనుల మీద కత్తి దూసినప్పుడు కోర్టు కాక దిక్కెవరన్నది ఈ పాఠం. ఇంత చెప్పిన స్కూలు 1950 దాకా ఆడవాళ్లను చేర్చుకోలేదన్నదీ మరవకూడదు.

మన దేశానికి చేరింది, జడ్జీలు చట్టసభకు అడ్డు రాకూడదన్న మొదటి పాఠం. 1947లో రాజ్యాంగ సభ మొదట ఆమోదించిన క్లాజులో ‘డ్యూ ప్రాసెస్’ ఉంది. ఆ ఏడాది చివర రాజ్యాంగ సలహాదారు బి.ఎన్.రావు అమెరికా వెళ్లి, అప్పటికి సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ప్రజాప్రతినిధులు చేసిన చట్టాన్ని కొద్దిమంది జడ్జీలు వీటో చేయడం ప్రజాస్వామ్యం కాదనీ, అది న్యాయవ్యవస్థకే మోయలేని భారమనీ ఫ్రాంక్‌ఫర్టర్ చెప్పారు. 1948 ఫిబ్రవరి ముసాయిదాలో ఆ మాట పోయి, ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అన్న జపాన్ రాజ్యాంగంలోని పదజాలం వచ్చింది. డిసెంబరు చర్చలో నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఈ మార్పును సమర్థించారు. అమెరికా కోర్టులకు ఈ విషయంలో నిలకడ లేదని, సంక్షేమ చట్టాలకు ఆ మాట అడ్డుపడుతుందని ఆయన వాదన. కె.ఎం.మున్షీ ఎదురు వాదించారు. అంబేడ్కర్ ఎటూ తేల్చకుండా సభకే వదిలేశారు. ‘డ్యూ ప్రాసెస్’ను తిరిగి చేర్చాలన్న సవరణలు వీగిపోయాయి.

నాకు ఇక్కడే అభ్యంతరం. డ్రాఫ్టింగ్ కమిటీ అప్పటికే ‘స్వేచ్ఛ’ ముందు ‘వ్యక్తిగత’ అని చేర్చింది. కాంట్రాక్టు స్వేచ్ఛ అందులోకి దూరే దారి దాదాపు మూసుకుపోయింది. అంటే లాక్నర్ జబ్బు రాకుండా మందు పడిపోయింది. ఆ తర్వాత ‘డ్యూ ప్రాసెస్’ కూడా తీసేస్తే నష్టపోయేది ఫ్యాక్టరీ యజమాని కాదు, జైల్లో ఉన్న మనిషి. అల్లాడి అంతటి న్యాయకోవిదుడు ఆ తేడాకు ఎక్కువ బరువు ఇవ్వకపోవడం బాధ కలిగిస్తుంది. 1949 సెప్టెంబరులో అంబేడ్కరే ఈ అసంతృప్తిని సభలో ప్రస్తావించి, అరెస్టయినవారి రక్షణ కోసం ఇప్పటి 22వ అధికరణాన్ని తెచ్చారు.

1950 మేలో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె.గోపాలన్ నిర్బంధం కేసులో సుప్రీంకోర్టు, చట్టం చేసిన పద్ధతి ఉంటే చాలంది. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు. 1978లో మేనకా గాంధీ కేసులో కోర్టు దారి మార్చుకుని, పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలంది. ఈ రెండు తీర్పుల మధ్య 28 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యలోనే, 1976లో, ఎమర్జెన్సీ నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదన్న తీర్పు వచ్చింది. అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలన్న హక్కును గానీ, ఇష్టమైన న్యాయవాదిని పెట్టుకునే హక్కును గానీ ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి 22వ అధికరణం ఈరోజుకీ ఇవ్వడం లేదు.