30 వేల తేడాలు: "బైబిల్ మార్చేశారు" అన్న మాట వెనక కథ

మొదటి యోహాను పత్రిక 5వ అధ్యాయం 7వ వచనం తీసి చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే బైబిల్ సొసైటీ వారి పాత తెలుగు అనువాదంలో "ఆత్మ సత్యము గనుక ఆత్మయే సాక్ష్యమిచ్చువాడు" అని ఉంటుంది. ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్లో అదే వచనం చూస్తే ఇంకో మాట కనిపిస్తుంది: పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒక్కటే. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి, కింద ఎర్రక్షరాలతో "చూశారా, మార్చేశారు" అని రాసిన ఫొటో ఒకటి వాట్సాప్‌లో వచ్చింది. మా సంఘంలో ఇంటర్ చదివే కుర్రాడొకడు యూత్ మీటింగ్‌లో దాన్ని చూపించి, ఇదేంటని అడిగాడు. "అలాంటివి చూడకు నాయనా, సాతాను శోధన" అన్నారు ఒక పెద్దాయన. వాడు కూర్చున్నాడు. మళ్లీ అడగలేదు. నెమ్మదిగా మీటింగులకు రావడం కూడా తగ్గించాడు.

వాడు అడిగింది తప్పు ప్రశ్న కాదు. పైగా దాన్ని మొదట అడిగింది వాడూ కాదు, ఆ ఫొటో తయారుచేసినవాళ్లూ కాదు.

2వ శతాబ్దం చివర్లో సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవుల మీద ఒక పుస్తకం రాశాడు. తాగినవాళ్లలా మీలో కొందరు సువార్తను మూడుసార్లు, నాలుగుసార్లు, ఇంకా ఎక్కువసార్లు తిరగరాశారు అన్నది అందులోని ఒక ఆరోపణ. సుమారు 70 ఏళ్ల తర్వాత ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు దానికి 8 సంపుటాల జవాబు రాశాడు. మార్సియన్ అనుచరులు, వాలెంటినస్ అనుచరులు లాంటి, సంఘం ఒప్పుకోని బోధ చేసినవాళ్లు మార్చారు, ఆ తప్పును సంఘమంతటికీ అంటగట్టకు అన్నాడు. నాకు ఆ జవాబు కన్నా ఆయన పద్ధతి గొప్పగా అనిపిస్తుంది. సెల్సస్ మాటల్ని ఒక్కొక్కటిగా ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి, కింద తన సమాధానం పెట్టాడు. సెల్సస్ పుస్తకం ఈరోజు లేదు. అందులో ఏముందో మనకు తెలుస్తోందంటే ఓరిజెన్ దాన్ని దాచకుండా రాసిపెట్టడం వల్లే. మత్తయి సువార్త మీద రాసిన వ్యాఖ్యానంలో ఈయనే, చేతితో రాసిన ప్రతులకూ ప్రతులకూ మధ్య తేడాలు చాలా ఉన్నాయని, కొన్ని వాటిని ఎత్తిరాసే లేఖకుల నిర్లక్ష్యం వల్ల, కొన్ని తెగింపు వల్ల వచ్చాయని ఒప్పుకున్నాడు.

తర్వాతి తరాలు అందరూ ఈ దారిలో నడవలేదు. పోర్ఫిరీ అనే తత్వవేత్త 3వ శతాబ్దంలో ఇంకా గట్టి విమర్శ రాస్తే, 448లో చక్రవర్తులు ఆ పుస్తకాలను తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చారు. పుస్తకాలు కాలిపోయాయి, ప్రశ్నలు మాత్రం మిగిలాయి. దానియేలు గ్రంథం ఎప్పుడు రాశారని పోర్ఫిరీ వేసిన ప్రశ్న మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక మొదట చెప్పిన ఆ వచనం సంగతి. 1516లో ఎరాస్మస్ అనే పండితుడు బాసెల్ పట్టణంలో గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించినప్పుడు "తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ" అన్న మాట పెట్టలేదు. తను చూసిన గ్రీకు ప్రతుల్లో అది లేదు. లాటిన్ బైబిల్లో ఉన్న మాటను ఎలా తీసేస్తావని పెద్ద గొడవ జరిగింది. తర్వాత ఆ మాట ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికొచ్చింది. అది ఆ కాలంలో రాసినదే. ఎరాస్మస్ 1522 నాటి మూడో ముద్రణలో ఆ మాటను చేర్చాడు. "ఒక్క ప్రతి చూపిస్తే చేరుస్తానని ఆయన ఒట్టు పెట్టాడు" అని ప్రసంగాల్లో చెబుతుంటారు కానీ దానికి ఆధారం లేదు. అక్కడి నుంచి ఆ మాట కింగ్ జేమ్స్ బైబిల్లోకి వెళ్లింది. అంటే తెలుగు బైబిల్లోంచి ఎవరో ఏదో తీసేయలేదు. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ఎలా ఉందో మన బైబిల్లో అలా ఉంది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న త్రిత్వ సిద్ధాంతం దెబ్బతింటుందేమోనని భయపడేవాళ్లకు ఒక సంగతి: 4వ శతాబ్దంలో త్రిత్వం గురించి హోరాహోరీగా వాదించిన గ్రీకు సంఘ పితరులు (తొలి శతాబ్దాల సంఘ బోధకులు) ఈ వచనాన్ని ఎక్కడా ఆధారంగా చూపలేదు. అది వాళ్ల బైబిళ్లలో లేదు.

అసలు "వేల తప్పులు" అన్న మాట పుట్టింది 1707లో. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ మిల్ అనే పండితుడు 30 ఏళ్లు కూర్చుని, సుమారు 100 రాతప్రతులను, ప్రాచీన అనువాదాలను, సంఘ పితరుల ఉల్లేఖనాలను ఒకదానితో ఒకటి పోల్చాడు. ఎక్కడ ఒక్క మాట తేడా ఉన్నా పేజీ కింద రాసుకుంటూ పోయాడు. పుస్తకం అచ్చయ్యేసరికి ఆ తేడాల లెక్క 30 వేలు. అది విడుదలైన రెండు వారాలకే ఆయన చనిపోయాడు. ఆ తర్వాత జరిగిన గొడవ చూడకుండానే వెళ్లిపోయాడు.

గొడవ ముందు లోపలినుంచే మొదలైంది. డేనియల్ విట్బీ అనే చర్చి గురువు 1710లో, ఇలా లెక్కలు బయటపెడితే లేఖనం మీద జనానికి నమ్మకం ఎలా ఉంటుందని మిల్ మీద విరుచుకుపడ్డాడు. ఆ భయాన్నే పట్టుకుని 1713లో ఆంథనీ కాలిన్స్ అనే స్వేచ్ఛావాది, మీ గురువులే ఒప్పుకుంటున్నారు, ఇక ఈ గ్రంథాన్ని ఎలా నమ్మాలి అని రాశాడు. విశ్వాసి భయపడి అన్న మాటే విమర్శకుడి చేతికి అందింది. మా యూత్ మీటింగ్ గుర్తొచ్చి నాకు ఇక్కడ మనసు చివుక్కుమంటుంది.

దీనికి జవాబు చెప్పింది కేంబ్రిడ్జ్ పండితుడు రిచర్డ్ బెంట్లీ. ఆ తేడాలను మిల్ పుట్టించలేదు, అవి ముందునుంచీ ఉన్నవే, ఆయన చూపించాడంతే, అప్పుడు పోని మతం ఇప్పుడెలా పోతుంది అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఒకే ఒక్క ప్రతి మిగిలిన ప్రాచీన గ్రంథాలున్నాయి. వాటిలో పాఠభేదాలే, అంటే ప్రతుల మధ్య తేడాలే ఉండవు, కానీ పాడైపోయిన చోట సరిచేసుకునే దారి కూడా ఉండదు. ప్రతులు పెరిగితే తేడాలు పెరుగుతాయి, వాటితోపాటు అసలు మాట ఏదో పట్టుకునే అవకాశమూ పెరుగుతుంది.

ఇది మనకు తెలియని విషయం కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి పదిమంది అమ్మమ్మలు తమ నోటు పుస్తకాల్లో రాసుకున్నారనుకోండి. ఒకామె దీర్ఘం వదిలేస్తుంది, ఒకామె చరణాన్ని రెండుసార్లు రాస్తుంది, ఇంకొకామె పక్క కీర్తనలోని మాట ఇందులో కలిపేస్తుంది. పది పుస్తకాల్లో వంద తేడాలుండొచ్చు. అయినా పదీ ముందు పెట్టుకుంటే అసలు కీర్తన ఏదో గంటలో తేలిపోతుంది. పుస్తకం ఒక్కటే ఉంటే మాత్రం ఆ ఒక్కామె ఏం రాస్తే అదే గతి.

ఆ తర్వాత జర్మనీలో బెంగెల్ అనే భక్తిపరుడు, చదువుకునే రోజుల్లో ఈ తేడాలను చూసి కలత చెంది, పారిపోకుండా అదే పని మీద కూర్చున్నాడు. 1734లో తను పరిష్కరించిన గ్రీకు కొత్త నిబంధన తెచ్చాడు. కష్టంగా ఉన్న పాఠాన్ని లేఖకుడు తేలిక చేస్తాడే గానీ తేలికైనదాన్ని కష్టం చేయడు, కాబట్టి కష్టమైన పాఠమే సాధారణంగా పాతది అన్నది ఆయన సూత్రం. పండితులు ఈ రోజుకీ దాన్ని వాడతారు. అవే సంవత్సరాల్లో ఇక్కడ మద్రాసులో, జర్మనీ హాలే పట్టణపు భక్తి ఉద్యమం నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ బైబిల్‌ను తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదం అచ్చు కాలేదు.

మన దేశంలో ఈ వాదన రాజుకున్నది ఆగ్రాలో, 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో. ఒకవైపు జర్మన్ మిషనరీ కార్ల్ ఫాండర్, ఇంకోవైపు ముస్లిం పండితుడు రహ్మతుల్లా కైరానవీ. రహ్మతుల్లాకు తోడుగా డాక్టర్ వజీర్ ఖాన్ కూర్చున్నాడు. ఆయన ఇంగ్లండులో చదువుకుని వచ్చినవాడు, యూరప్‌లో బైబిల్ మీద వస్తున్న కొత్త విమర్శ గ్రంథాలు తెచ్చుకున్నవాడు. ఫాండర్ ఖురాన్ గురించి వాదించడానికి సిద్ధపడి వచ్చాడు. ఎదుటివాళ్లు ఆయన సొంత ఖండపు పండితుల పుస్తకాలే తెరిచి చదివారు. కొన్ని చోట్ల మార్పులు జరిగాయని ఆయన ఒప్పుకోక తప్పలేదు. ముఖ్యమైన సిద్ధాంతాలేవీ దీనివల్ల మారలేదని చెప్పాడు గానీ, ఆ మాట అక్కడ వినేవాళ్లకు చాలలేదు. చర్చ మొదటి అంశాలు దాటకుండానే రెండో రోజుతో ముగిసింది.

ఫాండర్ చెప్పిన జవాబు తప్పని నేననుకోను. దాన్ని చాలా ఆలస్యంగా చెప్పాడు. తేడాలు ఉన్నాయని మొదటి రోజే తనంతట తానే చెప్పి, అవి ఏమిటో చూపించి ఉంటే సంగతి వేరుగా ఉండేది. ఎదుటివాళ్లు పుస్తకం తీసి చూపించాక ఒప్పుకుంటే అది దొరికిపోయినట్టే కనిపిస్తుంది. రహ్మతుల్లా 1857 తర్వాత మక్కా వెళ్లిపోయి, ఆ వాదనలన్నిటితో అరబ్బీలో పెద్ద గ్రంథం రాశాడు. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా వక్త అహ్మద్ దీదాత్ దాన్ని చదివే వాదనల్లోకి దిగాడు. ఈరోజు తెలుగు యూట్యూబ్ డిబేట్లలో వినిపించే ప్రశ్నలు చాలావరకు ఆగ్రాలో వినిపించినవే.

ఆ తర్వాత దొరికిన ఆధారాలు రెండు వైపులకూ పనిచేశాయి. సీనాయి కొండ కింది మఠంలో టిషెన్‌డార్ఫ్‌ అనే జర్మన్ పండితుడి కంటపడిన 4వ శతాబ్దపు ప్రతిలో మార్కు సువార్త చివరి 12 వచనాలు లేవు. యోహాను సువార్తలోని వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ కూడా లేదు. 1947 నుంచి మృత సముద్రం దగ్గర గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం మొత్తం ఉంది. అప్పటిదాకా చేతిలో ఉన్న హెబ్రీ ప్రతుల కన్నా సుమారు వెయ్యేళ్లు పాతది. పోలిస్తే ఎక్కువగా వర్ణక్రమ తేడాలు, కొన్నిచోట్ల మాటల తేడాలు. మన ప్రసంగాల్లో ఇంతవరకు చెబుతాం. అవే గుహల్లో యిర్మీయా గ్రంథానికి మనకున్న దానికన్నా పొట్టి పాఠం తునకలు కూడా దొరికాయి. అది చెప్పం. చెప్పాలి.

చెప్పకపోవడం ఒక తప్పైతే, తొందరపడి ఎక్కువ చెప్పడం ఇంకోటి. 2012లో అమెరికాలో జరిగిన ఒక డిబేట్‌లో, 1వ శతాబ్దపు మార్కు సువార్త తునక దొరికిందని క్రైస్తవ పక్షం ప్రకటించింది. మన దగ్గరా ఆ వార్త బాగా తిరిగింది. 2018లో ఆ తునకను ప్రచురించినప్పుడు తేలిందేమిటంటే అది 2వ శతాబ్దం చివరిదో 3వ శతాబ్దం మొదటిదో. ప్రకటించిన పండితుడు క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణను మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇప్పుడు పాఠభేదాల లెక్క లక్షల్లో ఉంది. వాటిలో అత్యధికం వర్ణక్రమం, మాటల వరుస లాంటివేనని, అర్థాన్ని మార్చేవి కావని విమర్శకులు కూడా అంటారు. అర్థం మారే చోట్లు కొన్ని ఉన్నాయి. అవేమిటో కొత్త అనువాదాల్లో పేజీ అడుగున రాసే ఉంటాయి.

ఆ కుర్రాడిని మొన్న ఇంటికి పిలిచాను. సీనాయి ప్రతి ఫొటోలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. మార్కు సువార్త చివరి పేజీ తీసి పెద్దది చేసి చూపించాను. "వారు భయపడినందున ఎవనితో ఏమియు చెప్పలేదు" అన్న 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర రాత ఆగిపోయింది. కింద చిన్న అలంకారపు గీత, సువార్త పేరు, ఆ తర్వాత ఖాళీ. పక్క కాలమ్‌లో లూకా మొదలైంది. వాడు ఫోన్ తీసుకుని ఆ ఖాళీని చాలాసేపు చూశాడు. తర్వాత మా ఇంట్లో ఉన్న తెలుగు బైబిల్ అడిగి తీసుకుని, 9వ వచనం దగ్గర వేలు పెట్టి, "అంకుల్, మరి ఇది ఎప్పుడు రాసుంటారు?" అన్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాం.