మోదుగ గింజ నుంచి మేక నాలుగో పొట్ట దాకా

ఒడిశా దక్షిణాన గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో వానలు ఊపందుకున్న తరువాత మేకల మందలో కొన్ని జీవాలకు దవడ కింద నీరు దిగడం కనిపిస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం పరిసరాల్లో తెలుగు మాట్లాడే గొల్లలకు ఈ వాపు కొత్తది కాదు. మేకకు నట్టలు, అంటే కడుపులో పురుగులు, పడ్డాయని చూడగానే చెబుతారు. చాలాసార్లు అది నిజం కూడా. ఆ నట్టల్లో అతి ప్రమాదకరమైనది హీమాంకస్ కంటార్టస్. మేక, గొర్రె కడుపులో నాలుగు గదులుంటాయి; ఇది చివరిదైన నాలుగో పొట్ట పొరను గీరి రక్తం తాగుతుంది. ఒక్క పురుగు రోజుకు తాగేది సుమారు 0.05 మిల్లీలీటర్లే అయినా, వెయ్యి పురుగులున్న మేక రోజుకు 50 మిల్లీలీటర్ల రక్తం పోగొట్టుకుంటుంది. రక్తంలో మాంసకృత్తులు పడిపోవడం వల్లనే దవడ కింద నీరు చేరుతుంది. ఆడ పురుగు రోజూ పెట్టే వేలాది గుడ్లు పెంటికలతో బయటపడి, తేమా వెచ్చదనమూ దొరికితే వారం పది రోజుల్లో లార్వాలుగా మారి గడ్డిపరకలపైకి పాకుతాయి. వంశధార, మహేంద్రతనయ తీరాల మేతబీళ్లలో శ్రావణ భాద్రపదాలంతా వాటికి అనుకూలమైన కాలమే.

ఈ పురుగుల మీద నాటువైద్యం ప్రయోగించే మొక్కలు తక్కువేమీ కావు: వాయువిడంగాలు, వేప, సీతాఫలం గింజలు, అన్నిటికీ మించి మోదుగ. మోదుగ కాయ ఎండిన ఆకులా పలచగా ఉండి, దాని కొసన ఒకే ఒక్క గింజ ఉంటుంది. నాణెంలా చదునుగా, ఎర్రమట్టి రంగులో ఉండే ఆ గింజ పొట్టు తీసి, ఎండబెట్టి, పొడి కొట్టి వాడతారు. రసాయన శాస్త్రజ్ఞులు అందులో పలాసోనిన్ అనే పదార్థాన్ని గుర్తించారు. చర్మంపై బొబ్బలు లేపే కొన్ని పురుగుల్లోని కాంథారిడిన్ అనే విషానికి ఇది చాలా దగ్గరి బంధువు. మొక్కల మందు గనుక హాని ఉండదనే ధీమాతో మోతాదు పెంచుకుంటూ పోయేవారు ఈ బంధుత్వాన్ని గమనించాలి.

మొక్కల సారాలపై వెలువడే పరిశోధనల్లో అధిక భాగం గాజుపాత్ర దగ్గరే ఆగిపోతుంది. కబేళా నుంచి తెచ్చిన పురుగులను గోరువెచ్చని ఉప్పునీటిలో ఉంచి, సారం కలిపి, అవి ఎంతసేపటికి కదలిక మానేస్తాయో గడియారం పెట్టి చూస్తారు. చౌకైన, అవసరమైన పరీక్షే. కానీ పాత్రలో మందు నేరుగా పురుగును తాకుతుంది. మేకలో అయితే ముందు లీటర్ల కొద్దీ మేత పులుస్తున్న పెద్దపొట్టను దాటాలి. అక్కడి సూక్ష్మజీవులు కొంత విరగ్గొడతాయి, మేత పీచు కొంత పట్టి ఉంచుతుంది, మిగిలినదే నాలుగో పొట్టకు చేరుతుంది. సారాన్ని దేనితో తీశామన్నదీ అంతే ముఖ్యం. చైనా శాస్త్రవేత్త తు యూయూ మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను రాబట్టగలిగింది మొక్కను మరిగించడం మాని, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌ను వాడిన తరువాతనే. మిథనాల్ అనే ద్రావకంలో తీసిన సారం బాగా పనిచేసిందని చదివి ఇంట్లో కషాయం కాస్తే అదే ఫలితం వస్తుందనుకోవడం పొరపాటు.

అందుకే జీవానికి తాగించి, పెంటికల్లో గుడ్లు లెక్కించిన అధ్యయనాలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పాకిస్తాన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన ఒక పరీక్షలో గొర్రెలకు కిలో బరువుకు 3 గ్రాముల మోదుగ గింజల పొడి ఇస్తే, పదో రోజుకు గుడ్ల సంఖ్య 78.4 శాతం తగ్గింది. దానితో పోల్చి చూసిన లెవామిసోల్ అనే నట్టల మందు కిలోకు 7.5 మిల్లీగ్రాములతోనే 99.1 శాతం తగ్గించింది. అంటే 20 కిలోల గొర్రెకు ఒకవైపు 60 గ్రాముల పొడి, మరోవైపు 150 మిల్లీగ్రాముల మందు. నాటువైద్యం ఉత్త నమ్మకం కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. అది మందుకు సరిసాటి కాదనీ అవే చెబుతున్నాయి.

అలాగని దుకాణంలో కొన్న నట్టల మందు ఎల్లకాలం పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో మార్కెట్లోకి రాగా, 1964 నాటికే దానికి లొంగని హీమాంకస్ పురుగులు బయటపడ్డాయి. ఆల్బెండజోల్‌తో సహా ఆ కుటుంబపు మందులన్నీ పురుగు కణాల్లోని ట్యుబ్యులిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేస్తాయి. ఆ ప్రొటీన్‌లో 200వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పట్టు జారిపోతుంది. బరువు తూచకుండా కంటి అంచనాతో మందు పోయడం, మేక శరీరం ఈ మందులను గొర్రె కంటే త్వరగా వదిలించుకుంటుందని తెలియక గొర్రె మోతాదే మేకకూ ఇవ్వడం, మందలో ప్రతి జీవానికీ ఏటా పలుమార్లు తాగించడం, ఇవన్నీ మందుకు లొంగని పురుగులనే మిగిల్చి పెంచుతాయి.

దక్షిణాఫ్రికాలో రూపొందించిన ఫమాచా అనే రంగుల పట్టికకు ఈ సమస్య దగ్గరే ప్రయోజనం ఉంది. మేక కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా లాగి, లోపలి పొర రంగును ఎరుపు నుంచి తెలుపు దాకా ఉన్న ఐదు రంగులతో సరిచూసి, రక్తం తగ్గి పాలిపోయిన వాటికే మందు ఇస్తారు. మందు పడని మేకల్లోని పురుగులు మందుకు లొంగే సంతతిని నిలిపి ఉంచుతాయి. కనురెప్ప ఎర్రగానే ఉన్న మేకలకు టానిన్లనే వగరు పదార్థాలు ఎక్కువగా ఉండే తుమ్మ ఆకును మేతలో కొంత కలపడం, పశువైద్యుని సలహాతో మోదుగను ప్రయత్నించడం సమంజసమేనని నా అభిప్రాయం. కనురెప్ప తెల్లబడిన మేకకు మాత్రం గింజల పొడి ఇచ్చి పది రోజులు వేచి చూడకూడదు. ఆలోగా అది చనిపోవచ్చు. దానికి తూకం వేసి, మేకకు తగిన మోతాదులో, పనిచేస్తున్నదని తేలిన మందును ఆ రోజే తాగించాలి.